అనంతపురం కరువు: వానదా, నేలదా?

ఇవాళ్టి ఎపిసోడ్‌ని ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం.

ఎప్పుడూ చినుకులు పడే ఊరు అనగానే మనకు లండన్ గుర్తొస్తుంది కదా. ఏ సినిమాలో చూసినా గొడుగులు, తడిసిన రోడ్లు. అక్కడ ఏడాదికి పడే వాన సగటున సుమారు 600 మిల్లీమీటర్లు. ఇప్పుడు కరువు అనగానే మనకు గుర్తొచ్చే జిల్లా తీసుకోండి. అనంతపురం. అక్కడ సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. తేడా 50 మిల్లీమీటర్లు. అంటే రెండు అంగుళాలు.

రెండు అంగుళాల తేడాకే అక్కడ పచ్చిక బయళ్లు, ఇక్కడ వలస బస్సులూనా? ఇదే ఈరోజు మన ప్రశ్న.

ముందే ఒక మాట. 2022 ఏప్రిల్‌లో పాత జిల్లా రెండుగా విడిపోయింది. అనంతపురం ఒకటి, శ్రీ సత్యసాయి ఒకటి. నేను ఇక్కడ అనంతపురం అన్నప్పుడల్లా పాత ఉమ్మడి జిల్లా గురించే మాట్లాడుతున్నాను.

ప్రశ్నకు సగం జవాబు ఆకాశంలో ఉంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు ఖాళీ అయిపోయి ఇక్కడికొస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు కోస్తాని తడిపి, కొండలు దాటి ఇక్కడికి చేరేసరికి అలిసిపోతాయి. రెండు వైపులా వానలుంటాయి, మధ్యలో నీడ పడుతుంది. పైగా లండన్‌లో అదే వాన ఏడాది పొడవునా సన్నగా పడుతుంది. ఇక్కడ కొద్ది రోజుల్లోనే కుండపోతగా పడి, తర్వాత నెల రోజులు మొహం చాటేస్తుంది. దానికి తోడు ఎండ, గాలి. ఇక్కడి ఎండా గాలీ కలిసి ఏడాదిలో పీల్చేయగల నీరు, పడే వానకు దాదాపు మూడింతలు.

ఇక మిగతా సగం జవాబు కాళ్ల కింద ఉంది. దాని గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. అందుకే ఈ ఎపిసోడ్.

నేల ఒక బ్యాటరీ

మీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే చెప్తాను. వాన అంటే ఛార్జింగ్. నేల అంటే బ్యాటరీ. పంట అంటే ఫోన్. కరెంటు రోజూ ఉండే ఊళ్లో బ్యాటరీ పాతదైనా గడిచిపోతుంది. కరెంటు పది రోజులకోసారి వచ్చే ఊళ్లో మాత్రం బ్యాటరీ ఎంత పెద్దదన్నదే అసలు ప్రశ్న.

అనంతపురం నేలల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఎర్ర నేలలు. కదిరి, పెనుకొండ, ధర్మవరం, కళ్యాణదుర్గం, మడకశిర వైపంతా ఇవే. కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు రాళ్లు అరిగి అరిగి ఈ మట్టి అయింది. లేపాక్షి వెళ్లినవాళ్లు ఆ గుడి నిలబడ్డ బండను చూసే ఉంటారు. ఆ జాతి రాయే ఇక్కడి మట్టికి తల్లి. రాయిలోని ఇనుము గాలి తగిలి తుప్పు పట్టడం వల్ల ఆ ఎరుపు. ఇసుక పాలు ఎక్కువ, బంకమట్టి తక్కువ, సేంద్రియ పదార్థం మరీ తక్కువ. చాలా చోట్ల లోతు ఒక అడుగు, అడుగున్నర. కింద గరప, దాని కింద రాయి.

ఉత్తరాన తాడిపత్రి, గుంతకల్లు, విడపనకల్లు వైపు వెళ్తే నల్లరేగడి కనిపిస్తుంది. అది బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. నీటిని పట్టి ఉంచుకోవడంలో దాన్ని మించింది లేదు. సెప్టెంబరు, అక్టోబరు వానలకు నిండా తడిస్తే, తర్వాత చినుకు లేకపోయినా ఆ తేమ మీదే పప్పుశనగ, జొన్న పండిపోతాయి.

ఎర్ర నేల అలా కాదు. ఒక అడుగు లోతు ఎర్ర గరప నేల బాగా తడిసినా, అందులో పంట వేళ్లకు అందే నీరు 30, 40 మిల్లీమీటర్లకు మించదు. ఎదిగిన పంట రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు తాగుతుంది. భాగించి చూడండి. వారం, మహా అయితే పది రోజులు. ఆ తర్వాత ఫోన్ స్విచాఫ్.

ఇది గుర్తు పెట్టుకోండి: పది రోజులు. అనంతపురం వ్యవసాయ చరిత్ర మొత్తం ఈ పది రోజుల చుట్టూ తిరుగుతుంది. బెట్ట పది రోజులు దాటితే ఏం చేయాలి? ప్రతి తరం దీనికి ఏదో ఒక జవాబు వెతుక్కుంది.

మొదటి జవాబు: ఒకే పంట మీద పందెం కాయొద్దు

పాతకాలం రైతు దగ్గర వాన లెక్కలు లేవు, కానీ నేల లెక్క ఉంది. ఇది రేగడి, ఇది గరప, ఇది చౌడు అని ప్రతి చెక్కకూ ఒక పేరు. ఎర్ర నేలలో కొర్ర, సజ్జ, ఆరిక, రాగి, ఉలవ, అలసంద, కంది, ఆముదం. ఒకే చేలో రెండు మూడు రకాలు కలిపి గొర్రుతో విత్తేవాళ్లు.

ఇందులో తెలివి ఎక్కడుంది? కొర్ర మూడు నెలల్లో చేతికొస్తుంది. కందికి ఆరు నెలలు దాకా పడుతుంది, కానీ దాని వేరు లోతుకు పోతుంది. ఆగస్టులో బెట్ట కొడితే కొర్ర పోతుంది, కంది తట్టుకుంటుంది. వాన ముందే ఆగిపోతే కొర్ర ఇంటికొచ్చేస్తుంది. ఏ నెలలో వాన మోసం చేసినా గాదె పూర్తిగా ఖాళీ కాదు. ఉలవ అయితే మరీ మొండిది. అన్నీ పోయాక ఆఖరి వానకు చల్లినా అంతో ఇంతో ఇస్తుంది, పశువులకూ మేత అవుతుంది.

ఎకరానికి దిగుబడి ఎంత అని చూస్తే ఈ పద్ధతి గొప్పదేం కాదు. ఎవరూ దీనితో లక్షాధికారి అవ్వలేదు. కానీ ఆ బ్యాటరీ కెపాసిటీకి సరిపోయిన పద్ధతి ఇది.

రెండో జవాబు: చెరువు

14వ శతాబ్దం. విజయనగరం రాజ్యం కొత్తగా నిలదొక్కుకుంటున్న రోజులు. బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు పండమేరు వాగుకు అడ్డంగా కట్ట వేయించాడు. అదే బుక్కరాయసముద్రం చెరువు. దాని పక్కనే ఇప్పటి అనంతపురం ఊరు పెరిగింది. ఆ చెరువు కట్ట తెగబోతే ఊరి కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. కట్టమంచి రామలింగారెడ్డి గారు 'ముసలమ్మ మరణము' కావ్యం రాసింది ఆ కథ మీదే. చెరువు కట్టకు గండి పడడమంటే ఊరికి చావే అన్న భయం ఆ కథలో ఉంది.

పక్క జిల్లా కడపలో పోరుమామిళ్ల చెరువు ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. అక్కడ 1369 నాటి శాసనం ఒకటి దొరికింది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. వెయ్యి మంది కూలీలు, రాళ్లు మోసే వంద బండ్లు రెండేళ్లు పనిచేశాయని లెక్క కూడా రాశారు. ఆ పన్నెండు లక్షణాల్లో ఒకటి గట్టి నేల. ఆరు దోషాల్లో ఒకటి చౌడు నేల. అంటే 650 ఏళ్ల కిందటే చెరువు తవ్వే ముందు సాయిల్ టెస్ట్ ఆలోచన ఉందన్నమాట.

చెరువు చేసే ఇంకో పని చాలామందికి తట్టదు. వాన నీటితో పాటు పైనుంచి సన్నటి మట్టి కొట్టుకొచ్చి చెరువు అడుగున పేరుకుంటుంది. అదే ఒండ్రు. ఎండాకాలంలో చెరువు ఎండితే రైతులు బండ్లు కట్టి ఆ ఒండ్రును ఎర్ర చేలకు తోలేవాళ్లు. ఒండ్రులో బంకమట్టి ఉంటుంది, సేంద్రియ పదార్థం ఉంటుంది. ఇసుక నేలలో కలిస్తే తేమ ఇంకొన్ని రోజులు నిలుస్తుంది. ఇది బ్యాటరీ అప్‌గ్రేడ్. చేను పోగొట్టుకున్న మట్టిని చెరువు పట్టి ఉంచేది, రైతు తిరిగి చేనుకు మోసేవాడు. చెరువులో పూడికా తీసినట్టయ్యేది, చేనుకు బలమూ వచ్చేది.

కంపెనీ వచ్చింది, శిస్తు వచ్చింది

1800లో నిజాం నవాబు ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్త మండలాలు అన్న పేరు అలా వచ్చింది. కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. సీమలో మన్రో దొర అంటారు. 1807 దాకా ఉన్నాడు. పొలం పొలం కొలిపించి, నేల స్వభావాన్ని బట్టి శిస్తు కట్టించాడు. తర్వాతి కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ లెక్కల్లో నేల నాణ్యతకు ఇచ్చే ర్యాంకును 'తరం' అనేవాళ్లు. పాత రికార్డులు చూస్తే ఆ మాట మీకు కనిపిస్తుంది.

నేలను బట్టి శిస్తు. వినడానికి న్యాయంగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, శిస్తు ఏటేటా డబ్బుగా కట్టాలి. నేల మాత్రం ఏటేటా ఒకేలా పండదు. ఆ సంగతి మన్రోకే అర్థమైంది. వెళ్లేముందు 1807లో, శిస్తును నాలుగో వంతు తగ్గించమని పైవాళ్లకు రాశాడు. వాళ్లు వెంటనే ఒప్పుకోలేదు.

ఆ తర్వాత 1876 నుంచి 1878 దాకా మహా కరువు. దాన్ని ధాత కరువు అన్నారు, ఆ తెలుగు సంవత్సరం పేరుతో. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కాదు, బళ్లారిలో భాగం. 1882లో విడదీశారు. ఈ ప్రాంతపు జనాభా 1871 లెక్కల్లో ఎంత ఉందో, 1881 లెక్కలకు అందులో దాదాపు ఐదో వంతు తగ్గింది. పెరగాల్సిన పదేళ్లలో తగ్గింది. చనిపోయినవాళ్లు, ఊరు విడిచినవాళ్లు కలిపి ఆ లెక్క. గాదెలో గింజ దాచుకునే అలవాటున్న ఊళ్లే ఇలా కూలిపోయాయంటే, వరసగా వచ్చే బెట్టకు తోడు చేతిలో డబ్బు లేకపోవడం ఎంత పని చేస్తుందో చూడండి.

శెనక్కాయ: వరమూ అదే, ఉచ్చూ అదే

ఇప్పుడు అసలు మలుపు. వేరుశనగ. అక్కడివాళ్ల మాటలో శెనక్కాయలు, బుడ్డలు. దక్షిణ అమెరికాలో పుట్టిన పంట. 20వ శతాబ్దంలో ఇక్కడ పాకింది. 1960ల మొదట్లో జిల్లాలో సుమారు రెండు లక్షల హెక్టార్లలో ఉన్నది, శతాబ్దం ముగిసేసరికి ఏడెనిమిది లక్షల హెక్టార్లకు చేరింది. మైళ్ల కొద్దీ ఒకటే పంట. కొర్ర, ఆరిక, సజ్జ వెనక్కిపోయాయి.

రైతు తెలివితక్కువతనం వల్ల ఇలా జరిగిందని ఎవరైనా అంటే నమ్మకండి. వేరుశనగ మొక్క చిత్రమైనది. పువ్వు నేల మీద పూస్తుంది, కాయ నేల లోపల కాస్తుంది. పువ్వు రాలాక దాన్నుంచి ఊడ దిగి మట్టిలోకి దూరి, అక్కడ కాయ అవుతుంది. ఊడ దిగాలంటే మట్టి గుల్లగా ఉండాలి. కాయ పీకేటప్పుడు తెగకూడదంటే కూడా గుల్లగానే ఉండాలి. నల్లరేగడి గట్టిగా పట్టేస్తుంది, ఎర్ర ఇసుక నేల వదిలేస్తుంది. అంటే ఈ నేల, ఈ పంట ఒకదానికొకటి కుదిరాయి. పైగా కాయ అమ్మితే వెంటనే డబ్బు, కట్టె పశువులకు మేత. నూనె మిల్లులు వచ్చాయి. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టింది. ఇన్ని కలిసొస్తే ఏ రైతు మాత్రం వేయడు?

అయితే ఆ పది రోజుల లెక్క మారలేదు కదా. ఊడలు దిగే సమయంలో బెట్ట పడితే పైమట్టి బిరుసెక్కుతుంది. ఊడ లోపలికి దూరలేదు. మొక్క పచ్చగానే ఉంటుంది, కింద కాయ ఉండదు. దూరం నుంచి చూస్తే చేను బ్రహ్మాండం, పీకి చూస్తే డొల్ల. పాత పద్ధతిలో ఈ బెట్టకు మూడు పంటల్లో ఒకటే పోయేది. ఇప్పుడు ఉన్న ఒక్కటీ పోతుంది. తేడా అక్కడ వచ్చింది.

మట్టికి జరిగిన నష్టం నెమ్మదిగా బయటపడింది. వేరుశనగను వేళ్లతో సహా పీకేస్తారు. చేలో మోడు కూడా మిగలదు. ఎండాకాలమంతా నేల బోసిగా పడి ఉంటుంది. గాలి సన్నమట్టిని ఎత్తుకుపోతుంది, తొలకరి కుండపోత మిగతాది కడిగేస్తుంది. పశువులు తగ్గాయి, కాబట్టి పెంటదిబ్బ తగ్గింది. బోర్లు వచ్చాక చెరువును పట్టించుకునేవాళ్లు తగ్గారు, కాబట్టి ఒండ్రు తోలడం తగ్గింది. ఒక అంగుళం పైమట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. అసలే చిన్న బ్యాటరీ, అదీ ఏటేటా అరుగుతూ వచ్చింది.

2000 సంవత్సరంలో ఒకే పంట ప్రమాదం కళ్లకు కట్టింది. కాండం కుళ్లు అనే వైరస్ తెగులు జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్లను తాకింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. వైరస్ దాక్కున్నది ఎక్కడో తెలుసా? గట్ల మీద, బీళ్లలో పెరిగే వయ్యారిభామ మొక్కలో. దాని పుప్పొడి గాలికి వచ్చి వేరుశనగ ఆకు మీద పడుతుంది. ఆకును గోకి రసం పీల్చే తామర పురుగులు వైరస్‌ని లోపలికి పంపిస్తాయి. చుట్టూ ఒకే పంట ఉన్నప్పుడు తెగులుకు అడ్డేముంటుంది?

అంతకుముందే, 1994 నుంచి, పామాయిల్ దిగుమతులకు తలుపులు తెరుచుకున్నాయి. ధర అటు, బెట్ట ఇటు. ఆ రోజుల్లో రైతుల ఆత్మహత్యల వార్తల్లో అనంతపురం పేరు పదే పదే ఎందుకు వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. అప్పు తీర్చాల్సిన గడువు ఒకటే, పంట ఒకటే, పంటకున్న తేమ పది రోజులే.

నీళ్లు తెస్తే చాలా?

ఈ కష్టానికి మన కాలం వెతికిన జవాబు నీళ్లు. మొదట బోర్లు. కానీ కింద ఉన్నది గ్రానైటు. నీళ్లుండేది రాతి పగుళ్లలోనే. పగులు తగిలితే పండగ, తగలకపోతే అప్పు. ఒకరు లోతుగా వేస్తే పక్కవాడి బోరు ఎండుతుంది.

తర్వాత కాలువలు. తుంగభద్ర ఎగువ కాలువ ముందే ఉంది. హంద్రీ నీవా పథకంలో శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు 2012లో జీడిపల్లి జలాశయానికి చేరాయి. చీనీ తోటలు, దానిమ్మ, అరటి పెరిగాయి. 2020లో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు అరటిపళ్లతో ప్రత్యేక రైలే వెళ్లింది. ఇది చిన్న విషయం కాదు. కరువు జిల్లా అన్న ముద్ర ఉన్నచోటు నుంచి ఎగుమతి జరుగుతోంది.

కానీ కాలువ నీళ్లు అన్ని చేలకూ రావు. జిల్లాలో ఎక్కువ భూమి ఇప్పటికీ వాన మీద ఆధారపడిందే. మట్టిని వదిలేస్తే ఏమవుతుందో చూడాలంటే బొమ్మనహాళ్, కణేకల్లు మండలాలకు వెళ్లాలి. వేదవతి నదిని అక్కడ హగరి అంటారు. ఎండిన ఆ నది ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలు వేసింది. రాజస్థాన్ కాదు, మన రాష్ట్రమే.

అందుకే కొందరు మళ్లీ నేల దగ్గర మొదలుపెట్టారు. ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే, పొడి దుక్కిలో నవధాన్యాలు విత్తుతున్నారు. విత్తనాలకు మట్టి, బూడిద, పేడ పూత పూసి చల్లితే, చిన్న వానకే మొలిచి నేలను కప్పేస్తాయి. వేరుశనగలో కంది సాళ్లు మళ్లీ కనిపిస్తున్నాయి. కొర్రలకు నగరాల్లో గిరాకీ వచ్చింది. ప్రభుత్వ పథకాల్లో చెరువు పూడిక తీసి చేలకు తోలడం జరుగుతోంది. కదిరి పరిశోధన కేంద్రం బెట్టను తట్టుకునే వేరుశనగ రకాలు ఇస్తోంది. పేర్లు కొత్తవి కావచ్చు. చేస్తున్న పని మాత్రం గొర్రు పట్టిన తాత చేసిందే: పంటలు కలపడం, నేలను కప్పి ఉంచడం, ఒండ్రు తోలడం.

మొదట్లో అడిగిన ప్రశ్నకు వద్దాం. కరువు వానదా, నేలదా? రెండిటిదీ. వాన మన చేతిలో లేదు. కానీ పది రోజులు నిలిచే తేమను పదిహేను రోజులు నిలిచేలా చేయడం మన చేతిలో ఉంది. ఆ ఐదు రోజుల్లో ఒక్క వాన పడిందంటే చేను దక్కుతుంది. పంట పండిన ఏడాదికీ, ఊరు వదిలి బెంగళూరు బస్సెక్కే ఏడాదికీ మధ్య తేడా చాలాసార్లు ఆ ఐదు రోజులే. కాబట్టి సీమ అంటే కరువు, అది తలరాత అని ఎవరైనా అంటే, తలరాత సంగతి తర్వాత, ముందు నేల లోతు ఎంతో చెప్పమనండి.

మీకో చిన్న పని. ఈసారి ఊరెళ్లినప్పుడు మీ చేలో గుప్పెడు మట్టి తీసుకుని, తడిపి, ముద్ద చేసి, బొటనవేలుతో చూపుడువేలి మీద రిబ్బనులా నొక్కండి. వెంటనే విరిగిపోతే ఇసుక పాలు ఎక్కువ. సాగితే బంకమట్టి ఉన్నట్టు. తర్వాత ఇంట్లో తాతనో అవ్వనో అడగండి, ఈ చెక్క నేలను ఏమనేవాళ్లు, ముందు ఇందులో ఏం పండేది అని. వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. భూసార పరీక్ష కార్డులో పోషకాల లెక్క ఉంటుంది గానీ ఈ సమాచారం ఉండదు.